సాయంత్రం గేములు, రాత్రి ఫోల్డింగ్: రెంటికీ కలిపి ఏ గ్రాఫిక్స్ కార్డు?

మా పిన్ని కొడుకు కొత్త కంప్యూటర్ కట్టుకుంటూ ఫోన్ చేశాడు. "అన్నయ్యా, సాయంత్రం గేములు, రాత్రంతా ఫోల్డింగ్. ఏ కార్డు తీసుకోమంటావు?" అన్నాడు. ఫోల్డింగ్ అంటే ఖాళీగా ఉన్న కంప్యూటర్‌తో సైన్సు కోసం ప్రొటీన్ల కదలికలు లెక్కగట్టడం. "రాత్రంతా అంటే ఎన్ని గంటలు? నెలకి ఎన్ని రాత్రులు? ఆ గదిలోనే పడుకుంటావా?" అని అడిగాను. కార్డు గురించి అడిగితే పడక గురించి అడుగుతున్నాడేంటి అనుకున్నాడో ఏమో, కాసేపు మాట్లాడలేదు. ఈ మూడూ తెలియకుండా కార్డు పేరు చెప్పడం మాత్రం నావల్ల కాదు.

గేములకి ఏ కార్డు మేలో చెప్పే పోలికలు కావలసినన్ని దొరుకుతాయి. ఏ ఆటలో సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తాయో చెప్పి అవి ఊరుకుంటాయి. రోజుకి రెండు మూడు గంటలు ఆడి కట్టేసేవాళ్ళకి అది చాలు. అదే కార్డుని మిగతా టైములో ప్రొటీన్ల కదలికలు లెక్కగట్టడానికో, పల్సర్లు (లయగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాలు) వెతకడానికో, ప్రధాన సంఖ్యలు గాలించడానికో వదిలేస్తే వ్యవహారం మారిపోతుంది. మూడు గంటలు కాదు, పది గంటలు, కొందరికైతే ఇరవై నాలుగు గంటలూ కార్డు ఫుల్ లోడులో ఉంటుంది. కొన్నప్పుడు పెట్టిన డబ్బు కంటే, తర్వాత నెలనెలా కరెంటుకి కట్టేదే ఎక్కువయ్యే సందర్భాలున్నాయి.

కొత్తవాళ్ళ కోసం కాస్త వెనక కథ. ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్ని సైన్సుకి అరువివ్వడం అనే పద్ధతికి జనంలో పేరు తెచ్చింది 1999 మేలో మొదలైన సెటీ ఎట్ హోమ్. గ్రహాంతర జీవుల సంకేతాల కోసం రేడియో డేటాని జల్లెడ పట్టేది. 2020 మార్చి 31న అది కొత్త పని పంపడం ఆపేసింది. దాని వెనకున్న బర్కిలీ బృందం తయారుచేసిన బాయింక్ అనే సాఫ్ట్‌వేర్ మీద మాత్రం ఇప్పటికీ చాలా ప్రాజెక్టులు నడుస్తున్నాయి. ఫోల్డింగ్ ఎట్ హోమ్ కథ వేరు. 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది, సాఫ్ట్‌వేర్ సొంతం, బాయింక్‌తో సంబంధం లేదు. గ్రాఫిక్స్ కార్డుల మీద లెక్కలు కట్టడం 2006లోనే, ఏటీఐ రేడియాన్ ఎక్స్1900 కాలంలోనే మొదలుపెట్టింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జనం విరగబడి చేరారు. అప్పుడు ఆ నెట్‌వర్క్ మొత్తం వేగం ఎక్సాఫ్లాప్ దాటింది, అంటే సెకనుకి ఒకటి పక్కన 18 సున్నాలంత లెక్కలు. అందులో సింహభాగం గేముల కోసం కొన్న కార్డులదే.

గేముకి కావలసింది వేరు

కార్డు డబ్బా మీద గొప్పగా అచ్చేసినవాటిలో సగం ఈ లెక్కలకి పనికిరావు. రే ట్రేసింగ్ కోసం, అంటే ఆటలో వెలుగునీడలు నిజంలా కనిపించడానికి, విడిగా పెట్టిన కోర్లని ఫోల్డింగ్ ముట్టుకోదు. డీఎల్‌ఎస్‌ఎస్, ఫ్రేమ్ జనరేషన్ లాంటివి ఆటలో కంటికి బాగుంటాయి, ప్రొటీన్‌కి వాటితో పనిలేదు. లెక్కకి కావలసినవి మామూలు షేడర్ కోర్లు, అంటే ఎన్‌విడియా వాళ్ళు క్యూడా కోర్లు అని పిలిచేవి. అవి ఎన్ని ఉన్నాయి, ఎంత వేగంతో నడుస్తున్నాయి, వాటికి మెమరీ నుంచి డేటా ఎంత చురుగ్గా అందుతోంది అన్నదే చూడాలి.

వీ-ర్యామ్ (కార్డు సొంత మెమరీ) దగ్గర సంగతి తిరగబడుతుంది. గేములకి ఈరోజు పెద్ద తలనొప్పి అదే. 8 జీబీ కార్డు 1080పీలో నెట్టుకొస్తుంది. 1440పీకి వెళ్ళి టెక్స్చర్లు పెంచి రే ట్రేసింగ్ ఆన్ చేస్తే కొత్త ఆటలు కొన్ని అక్కడక్కడా ఆగుతూ ఆగుతూ నడుస్తాయి. ఫోల్డింగ్‌కి మాత్రం మామూలుగా ఒకటి రెండు జీబీలు చాలు. కాబట్టి వీ-ర్యామ్ ఎంత ఉండాలో ఆటల్ని బట్టే తేల్చుకోండి. ఒక్క మినహాయింపు ఉంది, పల్సర్లు వెతికే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ లాంటి చోట ఒకే కార్డు మీద రెండు పనులు ఒకేసారి నడిపితే మెమరీ కూడా రెండింతలు కావాలి.

ఇంకో ఉచ్చు టెరాఫ్లాప్స్, అంటే సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలన్నది. కంపెనీ ఇచ్చే ఈ అంకెని ఒకే తరం, ఒకే కంపెనీ కార్డుల మధ్య పోల్చుకోవచ్చు. అది దాటితే నమ్మకండి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 7000 సిరీస్‌లో ఒకే క్లాకులో రెండు లెక్కలు జతగా చేయగల ఏర్పాటు పెట్టారు, దాంతో కాగితం మీద అంకె అమాంతం రెట్టింపయ్యింది. ఆ జత కుదిరే అవకాశం నిజమైన ప్రోగ్రాముల్లో ఎప్పుడో గానీ రాదు. ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీకి 37 టెరాఫ్లాప్స్, ఆర్టీఎక్స్ 4070కి 29 అని చూసి, ఫోల్డింగ్‌లో మొదటిదే గెలుస్తుందనుకుంటే బోర్లాపడతారు.

ముందు ప్రాజెక్టు, తర్వాత కార్డు

ఏ ప్రాజెక్టుకి పనిచేయాలన్నది తేలితే సగం సంగతి తేలినట్టే. ఫోల్డింగ్ ఎట్ హోమ్ దాదాపు అన్ని కార్డుల మీదా నడుస్తుంది. 2020 సెప్టెంబరు నుంచి ఎన్‌విడియా కార్డుల మీద ఓపెన్‌సీఎల్ (ఏ కంపెనీ కార్డుకైనా సరిపోయే పద్ధతి) బదులు ఆ కంపెనీ సొంత క్యూడా దారిలో నడుస్తోంది, దాంతో ఆ కార్డులకి మంచి ఊపు వచ్చింది. మనసు పూర్తిగా ఫోల్డింగ్ మీదే ఉంటే ఎన్‌విడియా వైపు మొగ్గడం తప్పుకాదు. ఏఎండీ కూడా పనిచేస్తుంది, అయితే గేముల్లో తనతో సమానంగా నిలిచే ఎన్‌విడియా కార్డు కంటే ఇక్కడ మామూలుగా వెనకబడుతుంది.

ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అలా కాదు. 2005 నుంచి నడుస్తున్న ఈ ప్రాజెక్టు లైగో అనే పరిశోధనశాల డేటాలో గురుత్వ తరంగాలు, రేడియో టెలిస్కోపుల డేటాలో పల్సర్లు వెతుకుతుంది. 2010లో అరెసీబో టెలిస్కోపు డేటా నుంచి ఒక పల్సర్‌ని కనిపెట్టింది కూడా ఇళ్ళలోని కంప్యూటర్లే. ఇక్కడ మెమరీ వేగానికి విలువెక్కువ. ఏఎండీ కార్డులు దీనిమీద తలెత్తుకుని తిరుగుతాయి. 2019లో వచ్చిన రేడియాన్ సెవెన్‌ని క్రంచింగ్ (ఇలా లెక్కలు నడపడం) చేసేవాళ్ళు ఇంకా దాచుకుంటున్నారంటే దాని మెమరీ వేగం సెకనుకి ఒక టెరాబైటు ఉండటం ఒక కారణం.

రెండో కారణం డబుల్ ప్రెసిషన్. లెక్కల్లో దశాంశాల ఖచ్చితత్వం రెండింతలు కావలసినప్పుడు వాడే పద్ధతి ఇది. గేములకి దీని అవసరం ఉండదు కాబట్టి కంపెనీలు గేమింగ్ కార్డుల్లో దాన్ని బాగా కత్తిరించేశాయి. ఆర్టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డుల్లో మామూలు వేగంలో 64వ వంతే మిగిల్చారు. 450 వాట్లు తాగే ఆర్టీఎక్స్ 4090 డబుల్ ప్రెసిషన్‌లో 1.3 టెరాఫ్లాప్స్ దగ్గర ఆగిపోతే, పాత రేడియాన్ సెవెన్ 3.4 దాకా పోతుంది. ఇంకా విచిత్రం, 2012 నాటి రేడియాన్ హెచ్‌డీ 7970కి 0.95 టెరాఫ్లాప్స్ ఉన్నాయి. 2023లో వచ్చిన ఆర్టీఎక్స్ 4070కి అందులో సగం కూడా లేవు.

అయితే ఇది చదివి పాత కార్డుల కోసం పరుగెత్తకండి. డబుల్ ప్రెసిషన్ కార్డులని ఎక్కువగా వాడుకున్న మన పాలపుంత గురించి లెక్కలు కట్టే మిల్కీవే ఎట్ హోమ్ 2023లో గ్రాఫిక్స్ కార్డు పనిని ఆపేసి పూర్తిగా ప్రాసెసర్ల మీదకి వెళ్ళిపోయింది. ఇక మిగిలిన పెద్ద గిరాకీ మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట, అంటే రెండుని రెండుతో పదేపదే గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలు. 2024 అక్టోబరులో 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య దొరికింది. గ్రాఫిక్స్ ప్రాసెసర్ పట్టుకున్న మొట్టమొదటి మెర్సెన్ ప్రధాన సంఖ్య అదే, కానీ పట్టుకున్నది డేటా సెంటర్లలో వాడే ఏ100 రకం, గేములాడే కార్డు కాదు. ఇంట్లో ఆటకీ దీనికీ కలిపి ఒకే కార్డు కావాలంటే రాజీపడక తప్పదు. నిజంగా ఆ వేటే ముఖ్యమైతే పాత రేడియాన్ సెవెన్ విడిగా ఒకటి వెతుక్కోవడం నయం.

ప్రైమ్‌గ్రిడ్‌లో ప్రధాన సంఖ్యలు వెతికే రకరకాల ఉప ప్రాజెక్టులున్నాయి, ఏ కార్డుకైనా సరిపడేది ఏదో ఒకటి ఉంటుంది. జీవ అణువుల కదలికలు లెక్కగట్టే జీపీయూగ్రిడ్ అయితే చాలాకాలంగా ఎన్‌విడియా కార్డులకే పనిపెడుతూ వచ్చింది. ఏఎండీ కొని దానికోసం ఎదురుచూసేవాళ్ళని చూశాను, పాపం.

పాయింట్ల మాయ

ఫోల్డింగ్ పోలికల్లో అందరూ చూసేది రోజుకి ఎన్ని పాయింట్లన్నది. ఆ అంకెని ఎలా చదవాలో తెలియకపోతే పెద్ద కార్డు కొనిపించేస్తుంది. పని త్వరగా తిరిగి పంపినవాళ్ళకి ఫోల్డింగ్‌లో బోనస్ ఉంది, అది గడువుకీ పట్టిన సమయానికీ ఉన్న నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు వేగమున్న కార్డు రోజుకి రెండింతల పనులు చేస్తుంది, ఒక్కో పనికీ 1.41 రెట్లు పాయింట్లు తెచ్చుకుంటుంది. మొత్తం 2.8 రెట్లు. చేసిన పని మాత్రం రెండింతలే.

ఇది ఊరికే పెట్టిన బోనస్ కాదులెండి. ఒక ప్రొటీన్ కదలికని ముక్కలుగా కోసి పంపుతారు, ఒక ముక్క ఎక్కడ ఆగిందో తర్వాతి ముక్క అక్కడే మొదలవ్వాలి. మీరు ఆలస్యం చేస్తే ఆ గొలుసంతా మీకోసం ఆగి ఉంటుంది. అందుకే త్వరగా ఇచ్చినవాళ్ళకి నిజంగానే విలువెక్కువ. కానీ వాట్‌కి ఎన్ని పాయింట్లు అని చూసి "పెద్ద కార్డే పొదుపు" అనే మాటలో ఈ వర్గమూలం చేయి ఎంతుందో చూసుకోవాలి. పైగా పని చిన్నదైతే, అంటే తక్కువ అణువులున్న ప్రొటీన్ వస్తే, 4090 లాంటి కార్డు పూర్తిగా నిండదు, సగం కోర్లు ఊరికే కూర్చుంటాయి.

ఈ గొలుసు వల్లే ఇంకో సలహా. మీది చిన్న కార్డు, రోజుకి రెండు గంటలే నడపగలరు అనుకోండి. ఫోల్డింగ్ గడువులు బిగువుగా ఉంటాయి, పని సగంలో ఉండగానే గడువు దాటితే వృథా. బాయింక్ ప్రాజెక్టులు చాలావాటిలో వారం, రెండు వారాలు గడువిస్తారు. మీకు అవే సుఖం. ఫోల్డింగ్‌లోకే దిగితే పాస్‌కీ (మీ పనిని మీ పేరున గుర్తించే కోడ్) తీసుకోవడం మరవకండి. అది లేకుండా ఆ బోనస్ రాదు, అది పెట్టాక కూడా పది పనులు పూర్తయ్యేదాకా రాదు.

బాయింక్ క్రెడిట్లయితే ఒక ప్రాజెక్టుకీ ఇంకోదానికీ పోలికే ఉండదు. క్రెడిట్ల కోసం కార్డు కొనేవాళ్ళకి నేనిచ్చే సలహా ఏమీ లేదు.

వాట్ల లెక్క

ఇక అసలు సంగతికొద్దాం. ఆర్టీఎక్స్ 3080, ఆర్టీఎక్స్ 4070 పక్కపక్కన పెట్టి చూడండి. గేముల్లో రెండూ ఇంచుమించు ఒకటే. మామూలు లెక్కల వేగం మొదటిదానికి 29.8 టెరాఫ్లాప్స్, రెండోదానికి 29.1. సెకండ్ హ్యాండ్‌లో 3080 ఎంతో కొంత తక్కువకే దొరుకుతుంది. తేడా అంతా కరెంటులో ఉంది, 3080 పరిమితి 320 వాట్లు, 4070ది 200.

120 వాట్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది. రాత్రికి పది గంటలు నడిపితే 1.2 యూనిట్లు. నెలకి 36, ఏడాదికి 430 పైమాట. రోజంతా నడిపేవాళ్ళకి నెలకే 86 యూనిట్లు. మీకు పడే యూనిట్ ధరతో గుణించి, రెండు కార్డుల ధరల్లో తేడా ఎన్ని నెలల్లో తీరిపోతుందో చూసుకోండి. శ్లాబుల పద్ధతిలో బిల్లు వేసేచోట ఈ అదనపు యూనిట్లన్నీ పైశ్లాబులో పడతాయి, సగటు ధరతో గుణిస్తే మోసపోతారు. రోజుకి రెండు గంటల గేములకే అయితే ఇదే 3080 మంచి బేరం, అందులో అనుమానం లేదు. అందుకే మా తమ్ముణ్ణి గంటలు అడిగింది.

ఫోల్డింగ్‌లో కార్డు పూర్తి పరిమితి దాకా పోదు, కాస్త కిందే ఉంటుంది. దానికి బదులుగా మిగతా మెషీన్ కూడా మేలుకునే ఉండాలి. ఎన్‌విడియా కార్డుని మేపడానికి ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ ఎప్పుడూ బిజీగా ఉంటుంది. ఇదంతా కలిపితే 60, 80 వాట్లు పైన వేసుకోవాలి. అంటే మరీ చిన్న కార్డు పెట్టినా ఈ పైఖర్చు తప్పదు, అక్కడ పెద్ద కార్డుల వాదనలో కొంత నిజముంది.

ఈ వాట్లన్నీ ఎక్కడికి పోతాయి? గదిలోకే, వేడిగా. 300 వాట్ల కార్డు రాత్రంతా నడిస్తే చిన్న హీటర్ పెట్టుకున్నట్టే. చలికాలంలో బాగానే ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ వేసిన గదిలో ఆ వేడిని బయటికి నెట్టడానికి మళ్ళీ కరెంటు కాల్చాలి. ఫ్యాన్ల మోత సంగతి సరేసరి. గేమాడేటప్పుడు హెడ్‌ఫోన్ ఉంటుంది, నిద్రపోయేటప్పుడు ఉండదు. ఒకే చిప్పుతో రెండు మోడళ్ళుంటే పెద్ద హీట్‌సింకు, మూడు ఫ్యాన్లున్నదాన్నే తీసుకోండి. ఓవర్‌క్లాక్ ఎడిషన్ అని పైన అడిగే డబ్బు ఇవ్వకండి, దాని బదులు కూలింగ్‌కి ఇవ్వండి.

ఓవర్‌క్లాక్ గురించి నా సొంత బుద్ధితక్కువ ఒకటి చెప్పాలి. ఒక కార్డుని మెమరీ వేగం పెంచి నెలల తరబడి ఆటలాడాను, ఒక్కసారి కూడా ఆగలేదు. అదే సెట్టింగులతో ఐన్‌స్టీన్ నడిపితే పనుల్లో చాలావాటికి "చెల్లదు" అని తిరుగుటపా వచ్చింది. ఆటలో ఒక చుక్క రంగు తప్పితే కంటికి ఆనదు. ఇక్కడ ఒకే పనిని ఇంకెవరి కంప్యూటర్‌కో కూడా పంపి, రెండు జవాబులూ పోల్చి చూస్తారు. రాత్రుళ్ళు కాల్చిన కరెంటంతా బూడిదలో పోసినట్టయింది.

కాబట్టి వేగం పెంచడం కాదు, తగ్గించండి. పవర్ లిమిట్‌ని 70 శాతానికి దించితే మామూలుగా వేగం పది శాతం లోపే తగ్గుతుంది. వేడి, మోత, బిల్లు మాత్రం బాగా దిగొస్తాయి. ఎన్‌విడియాలో ఎస్‌ఎంఐ (nvidia-smi) అనే కమాండుతో పెట్టుకోవచ్చు, కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసినప్పుడు మొదటికొస్తుంది కాబట్టి స్టార్టప్‌లో వేసుకోండి. ఏఎండీలో డ్రైవర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, అయితే ఆ కంపెనీ కొన్ని మోడళ్ళలో కిందికి దించుకోవడానికి ఎక్కువ చోటివ్వదు. రాత్రులు ఎక్కువ నడిపేవాళ్ళు కొనేముందే ఇది కనుక్కోవాలి.

పేర్లు చెప్పమంటే

1080పీలో ఆడుతూ రాత్రులు తేలిగ్గా ఫోల్డింగ్ నడుపుకునేవాళ్ళకి ఆర్టీఎక్స్ 4060 ఒకరకంగా ముద్దొచ్చే కార్డు. పరిమితి 115 వాట్లే. 8 జీబీ మెమరీ దాని శాపం. దానికంటే కాస్త పైకి పోగలిగితే ఆర్టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీ ఉన్నదాన్ని చూడండి, 180 వాట్లు. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, డబ్బా మీద చూసుకుని మరీ తీసుకోండి. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీది 160 వాట్లలో గేములకి చాలా బాగుంటుంది. ఐన్‌స్టీన్ నడిపేవాళ్ళు దీన్ని మొహమాటం లేకుండా తీసుకోవచ్చు. ఈ మూడింటికీ ఒక మాట, 4060, 5060 టీఐ కార్డులకి పీసీఐఈ లేన్లు (మదర్‌బోర్డుతో డేటా మార్చుకునే దారులు) ఎనిమిదే ఉంటాయి. పాత మదర్‌బోర్డులో, స్లాటు మూడో తరానిదైతే, దారి సగమవుతుంది. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లు పూర్తిగా ఉన్నాయి.

ఇంటెల్ కార్డులు ధరకి తగ్గ ఆట ఇస్తాయి. బీ580లో 12 జీబీ మెమరీ ఉంది. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందే ఏర్పాటు) లేని పాత బోర్డులో మాత్రం పెట్టొద్దు. క్రంచింగ్‌కి ఇంటెల్‌ని నేను సిఫారసు చేయను, ప్రాజెక్టుల ప్రోగ్రాములు ఎక్కువగా మిగతా ఇద్దరి మీద నలిగి నలిగి సాఫీ అయినవి.

1440పీకి వస్తే నా ఓటు ఆర్టీఎక్స్ 4070 సూపర్‌కి, దొరికితే. దాని తర్వాతి తరం ఆర్టీఎక్స్ 5070 కదా మేలు అంటారు. 4070 సూపర్‌లో 7168 కోర్లు, 220 వాట్లు. 5070లో 6144 కోర్లు, 250 వాట్లు. కోర్ల మీదే ఆధారపడే ఫోల్డింగ్‌కి పాతదే పొదుపు. 5070కి కొత్త రకం మెమరీ ఉంది, సెకనుకి 504 జీబీ నుంచి 672 జీబీకి పెరిగింది, కాబట్టి మెమరీ మీద ఆధారపడే ప్రాజెక్టుల్లో కొంత కలిసొస్తుంది. మెమరీ రెంటిలోనూ 12 జీబీయే. ఇంకో ఐదేళ్ళు ఇదే కార్డుతో ఆడాలనుకునేవాళ్ళకి 16 జీబీ, 220 వాట్లున్న ఆర్‌ఎక్స్ 9070 ఎక్కువ నిబ్బరంగా ఉంటుంది. ఫోల్డింగ్ పాయింట్లు తక్కువొస్తాయని ముందే తెలుసుకుని తీసుకుంటే తర్వాత బాధ ఉండదు.

4కే ఆటల కార్డుల గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. ఆర్టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు. కొనగలిగినవాళ్ళకి ఈ వ్యాసంతో పనిలేదు, ఒక్క విషయం తప్ప, ఆ పదహారు పిన్నుల పవర్ కనెక్టర్ లోపలికి పూర్తిగా దిగిందో లేదో రెండుసార్లు చూసుకోండి. 4090 రోజుల్లో సరిగ్గా కూర్చోని కనెక్టర్లు కరిగిపోయాయి. రాత్రంతా ఎవరూ చూడకుండా నడిచే మెషీన్‌కి ఇది చిన్న సంగతి కాదు.

సెకండ్ హ్యాండ్ కార్డులు

2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుని మైనింగ్ (కార్డులతో లెక్కలు చేసి నాణేలు సంపాదించడం) అవసరం లేకుండా చేసుకుంది. దాంతో కుప్పలుగా కార్డులు బజారుకొచ్చాయి, వాటిలో కొన్ని ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మైనింగ్ చేసిన కార్డంటే జనం భయపడతారు గానీ చిప్పుకి ఏమీ కాదు, అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ పేస్టు, ప్యాడ్లు. 3080, 3090ల్లో వాడిన జీడీడీఆర్6ఎక్స్ మెమరీ బాగా వేడెక్కే రకం, ప్యాడ్లు పాతబడితే మెమరీ వేడి 110 డిగ్రీల దాకా పోయి కార్డు తనంతట తానే నెమ్మదిస్తుంది. కొనేముందు పది నిమిషాలు గేమ్ బెంచ్‌మార్క్ చూపించి పంపేస్తారు, ఒప్పుకోకండి. గంటసేపు ఫోల్డింగ్ గానీ ఐన్‌స్టీన్ గానీ నడిపించండి. ఏ జబ్బు ఉన్నా అప్పుడు బయటపడుతుంది.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) దగ్గర కక్కుర్తి వద్దు. ఎనిమిది పిన్నుల వైరు ఒక్కోటి 150 వాట్లకి, మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లకి ఉద్దేశించినవి. కార్డుకి రెండు కనెక్టర్లుంటే రెండు విడి వైర్లే లాగండి, ఒకే వైరుకి ఉన్న రెండు తలలూ గుచ్చకండి. గేములకి సరిపోయిన ఎస్‌ఎంపీఎస్ పది గంటల ఏకధాటి లోడుకి కూడా సరిపోతుందని ఏమీ లేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ని కార్డు కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. విండోస్ తనంతట తాను వేసుకున్న డ్రైవర్లో ఓపెన్‌సీఎల్ లేకపోతే ప్రాజెక్టులు కార్డునే గుర్తించవు. బాయింక్‌లో ఏ గేమ్ తెరిస్తే లెక్కలు ఆగాలో జాబితా ఇచ్చుకునే వీలుంది, ఒక్కసారి పెట్టుకుంటే మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేదు. ఫోల్డింగ్‌లో అయితే ఆటకి అరగంట ముందే "ఫినిష్" నొక్కి చేతిలో ఉన్న పని పూర్తి చేయించుకోవడం నా అలవాటు. మధ్యలో ఆపితే చివరిసారి సేవ్ అయిన చోటికి వెనక్కి పోతుంది.

మా తమ్ముడు చివరికి లెక్కలు వేసుకుని చెప్పాడు. రాత్రికి ఎనిమిది గంటలు, నెలకి ఇరవై రాత్రులు, గది అదే, ఆటలు 1440పీ మానిటర్ మీద. వాడి కళ్ళు 5070 టీఐ మీద ఉన్నాయి, 300 వాట్లు. నేను 5060 టీఐ 16 జీబీది తీసుకోమన్నాను. కొత్త ఆటల్లో సెట్టింగులు కాస్త దించుకోవాల్సి వస్తుందని కూడా చెప్పాను. వారం పాటు అలిగి, ఎక్కడో మిగిలిపోయిన 4070 సూపర్ ఒకటి పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని 150 వాట్ల దగ్గర కట్టేసి నడుపుతున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటానికి లైటు వేయాల్సొస్తోంది అన్నాడు.